ఎవరికి ఏ కానుక?

పిల్లలూ,

డిసెంబరు నెల వచ్చేసింది. సాయంత్రంపూట వీధిలో నడిచి చూడండి. కొన్ని ఇళ్ళముందు రంగు కాగితాల నక్షత్రాలు వేలాడుతుంటాయి. వాటిలో దీపాలు వెలుగుతుంటాయి. బజారులో కేకుల దుకాణాల ముందు జనం మూగి ఉంటారు. క్రిస్మసు పండుగ దగ్గర పడిందన్నమాట. మీలో కొందరి ఇళ్ళలో ఆ పండుగ చేస్తారు. మరి కొందరికి ఆ పండుగ చేసుకునే స్నేహితులూ, ఇరుగుపొరుగు వాళ్ళూ ఉంటారు. అందరికీ ఒక ప్రశ్న మాత్రం తప్పదు. ఎవరికి ఏ కానుక ఇవ్వాలి?

"ఇందులో ఏమున్నది? డబ్బు పుచ్చుకుని దుకాణానికి వెళితే సరి!" అంటారేమో. మీ వయసులో నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకుని ఒక పొరపాటు చేశాను. ముందు ఆ సంగతి చెబుతాను, వినండి.

మా పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఉద్యోగం విరమించి, ఒక్కరే ఉంటూండేవారు. క్రిస్మసు వచ్చిందంటే చాలు, ఆవిడ అరిసెలూ, జంతికలూ, రవ్వలడ్లూ చేసి, పళ్ళేలలో సర్ది, పైన అల్లిక గుడ్డలు కప్పి, వీధిలో ప్రతి ఇంటికీ పంపేవారు. ఆ పళ్ళేలు మోసేది మా పిల్లలమే. మోసినందుకు మాకు వేరే లడ్లు!

ఒక ఏడు మాకు సిగ్గు వేసింది. "ఏటా ఆవిడ పెట్టడం, మనం తినడమేనా? ఈసారి మనం ఆవిడకు కానుక ఇద్దాం," అనుకున్నాం. తలా కాస్త డబ్బు వేసుకున్నాం. మామ్మగారికి పుస్తకాలంటే ప్రాణం. అందుకని ఒక కథల పుస్తకం కొన్నాం. అందమైన అట్ట, సన్నని అచ్చు, నాలుగువందల పేజీలు. లోపల గుర్తుకోసం ఎర్ర రిబ్బను కూడా పెట్టాం. ఆవిడ పుస్తకాన్ని కళ్ళకు అద్దుకుని, మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే దగ్గరకు తీసుకున్నారు. మా సంతోషానికి అంతు లేదు.

సంక్రాంతి కూడా వెళ్ళింది. ఒకరోజు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పుస్తకం బల్లమీద ఉన్నది. రిబ్బను ఇంకా మొదటి పేజీలోనే ఉన్నది.

"ఇంకా చదవలేదా, మామ్మగారూ?" అన్నాను.

ఆవిడ నవ్వి, "అచ్చు మరీ సన్నం, నాయనా. నా కళ్ళకు ఆనడం లేదు. రోజూ తీసి, తడిమి చూసుకుని, మళ్ళీ పెట్టేస్తున్నానులే," అన్నారు.

అప్పుడు నాకు ఒక విషయం తట్టింది. ఏడాదిగా మేము ఆ గుమ్మం ముందునుంచి పోతున్నప్పుడల్లా ఆవిడ, "ఒరే అబ్బాయిలూ, ఈ సూదిలో దారం ఎక్కించి పొండిరా!" అని పిలిచేవారు. మేము దారం ఎక్కించి, ఆటకు పరుగెత్తేవాళ్ళం. వందసార్లు ఎక్కించి ఉంటాం. అయినా, ఆవిడకు చూపు తగ్గుతున్నదని మాలో ఒక్కడికీ తోచలేదు!

మేము కానుకకోసం డబ్బు వెచ్చించాం. ప్రేమ కూడా పెట్టాం. కాని ఆవిడకేసి సరిగా చూడలేదు. మంచి కానుకకు మొదటి మెట్టు అదే. ముందు మనిషిని చూడాలి. దుకాణం సంగతి తరువాత.

రాజకుమారి పంపిన పెట్టెలు

ఒక మనిషిని చూసి కానుక ఎంచడమే కష్టమైతే, లక్షలమందికి పంచవలసి వస్తే ఎట్లా? అటువంటి పని ఒకసారి జరిగింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయింది. ఇంగ్లండు రాజైన అయిదవ జార్జికి మేరీ అనే కుమార్తె ఉన్నది. అప్పుడు ఆమెకు పదిహేడేళ్ళు. చలిలో, బురద కందకాలలో ఉన్న సైనికులకూ, సముద్రంమీద ఉన్న నావికులకూ క్రిస్మసు కానుక పంపాలని ఆమె సంకల్పించింది. అక్టోబరు నెలలో ప్రజలకు విజ్ఞప్తి చేసింది. చందాలు పోగయాయి. మూతమీద ఆమె బొమ్మ ఉన్న చిన్న ఇత్తడి పెట్టెలు తయారయాయి. ఒక్కొక్కటి అయిదు అంగుళాల పొడవు, మూడుంబావు అంగుళాల వెడల్పు ఉంటుంది.

పెట్టెలో ఏం పెట్టాలి? ఆ రోజుల్లో సైనికులు ఎక్కువగా పొగ తాగేవాళ్ళు. అది ఆరోగ్యానికి ఎంత చెరుపో అప్పటివాళ్ళు ఇంకా గ్రహించలేదు. అందుచేత మామూలు పెట్టెతోపాటు పొగాకూ, సిగరెట్లూ ఇచ్చారు. కాని పొగ తాగనివాళ్ళు కూడా ఉన్నారు గదా? వాళ్ళకు పుల్లని బిళ్ళలూ, ఇంటికి ఉత్తరం రాసుకోవడానికి పెన్సిలూ, కాగితాలూ, కవర్లూ ఉన్న సంచీ ఇచ్చారు.

ఆ చలికాలంలో ఫ్రాన్సులో మన దేశపు సైనికులు కూడా వేల సంఖ్యలో పోరాడుతున్నారు. సిక్కులకు పొగాకు నిషిద్ధం. కనుక వాళ్ళ పెట్టెల్లో పటికబెల్లం పెట్టి, దానితోపాటు మసాలా దినుసులున్న చిన్న డబ్బా ఇచ్చారు. తక్కిన భారతీయ సైనికుల్లో చాలామందికి కూడా పటికబెల్లమూ, మసాలా దినుసులూ అందాయి. గాయపడినవారికి సేవచేసే నర్సులకు చాకొలెట్లు ఇచ్చారు.

ఆ ఏడు క్రిస్మసు నాటికి మూడున్నర లక్షలకు పైగా కానుకలు చేరాయి. తరువాతి సంవత్సరాలలో పంచినవి కూడా కలిపితే అవి ఇరవై అయిదు లక్షలు దాటాయి. ఖాళీ అయిన పెట్టెను ఎంతోమంది సైనికులు దాచుకున్నారు. ఇప్పటికీ కొన్ని కుటుంబాల్లోనూ, ప్రదర్శనశాలల్లోనూ అవి కనిపిస్తాయి.

ఎక్కడో పరాయి దేశంలో, మంచులో నిలబడిన మన సిపాయి ఒకడు ఆ డబ్బా తెరిచి ఉంటాడు. ఇంటి వంటింటి వాసన ఒక్కసారిగా ముక్కుకు సోకి ఉంటుంది. ఆ దినుసులు అతనికి యుద్ధం నుంచి విముక్తి కలిగించలేదు, నిజమే. కాని "నీవు ఎవరివో, ఏం తింటావో ఒకరు ఆలోచించారు" అని మాత్రం చెప్పాయి.

డబ్బు లేనివాళ్ళు ఇచ్చినవి

"రాజకుమారి గనక చేయగలిగింది. మా దగ్గర డబ్బేదీ?" అని మీరు అడగవచ్చు. అయితే ఒక కమ్మరివాని కొడుకు కథ వినండి.

లండను నగరంలో మైకేల్ ఫారడే అనే కుర్రవాడు పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చుకుంటూండేవాడు. పెద్ద చదువు చదివే స్తోమతు లేదు. అట్టలు కట్టడానికి వచ్చిన పుస్తకాలనే చదివేవాడు. 1812లో, దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. ఉపన్యాసకుడు సర్ హంఫ్రీ డేవీ, ఆ కాలపు మహా రసాయన శాస్త్రజ్ఞుడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసుకున్నాడు. ఇంటికి వచ్చి, పటాలు గీసి, శుభ్రంగా తిరగరాసి, ఆ కాగితాలన్నిటికీ తన చేతులతో చక్కని అట్ట కట్టాడు. మూడువందల పేజీలకు పైగా ఉన్న పుస్తకం తయారయింది. ఆ ఏడాది చివర దానిని డేవీకి పంపి, విజ్ఞానశాస్త్రంలో పని ఇప్పించమని కోరాడు.

డేవీ జవాబు రాశాడు. ఆ జాబుమీది తారీకు డిసెంబరు 24. సరిగా క్రిస్మసు ముందురోజు! మరుసటి ఏడు మార్చిలో, అనగా 1813లో, ఫారడే అదే సంస్థలో సహాయకుడుగా చేరాడు. తరువాత 1831లో అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించే మార్గం కనిపెట్టాడు. మన విద్యుత్కేంద్రాల్లో తిరిగే జనరేటర్లకు ఆ సూత్రమే ఆధారం. ఇళ్ళముందు నక్షత్రాల్లో వెలుగుతున్న దీపాలు ఉన్నాయే, వాటిలో చాలావాటికి విద్యుత్తు అట్లాగే వస్తున్నది.

ఒక ఉపన్యాసకుడికి అన్నిటికంటె ఇష్టమైనదేమిటి? తను చెప్పినది ఒకరు శ్రద్ధగా విన్నారని తెలియడం. ఫారడే పంపింది సరిగా అదే. దానికి అతనికి తెలిసిన విద్య, అట్టలు కట్టడం, తోడుపడింది.

అదే సంస్థలో 1825లో క్రిస్మసు ఉపన్యాసాలు ఆరంభమయాయి. శాస్త్రజ్ఞులు పండుగరోజుల్లో చిన్నవాళ్ళకు ప్రయోగాలు చేసి చూపిస్తూ పాఠం చెబుతారు. ఫారడే పంతొమ్మిది సంవత్సరాలు ఈ ఉపన్యాసాలు ఇచ్చాడు. ఒక కొవ్వొత్తిని వెలిగించి, దాని మంటలో ఎంత రసాయన శాస్త్రం ఉన్నదో చెప్పిన ఉపన్యాసాలు పుస్తకంగా కూడా వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కొన్నేళ్ళు ఆగినా, ఆ ఆచారం మళ్ళీ సాగింది. తను పొందినదాన్ని ఫారడే పిల్లలకు తిరిగి ఇచ్చాడన్నమాట.

ఇంకొక శాస్త్రజ్ఞుడున్నాడు. గ్రహాల దారులు కనిపెట్టిన కెప్లర్. ఆయన ప్రేగ్ నగరంలో చక్రవర్తి కొలువులో గణితవేత్త. పేరుకు పెద్ద కొలువే, కాని జీతం సరిగా వచ్చేది కాదు. కొత్త సంవత్సరానికి ఒక మిత్రుడికి ఏమి ఇవ్వాలా అని ఆలోచిస్తూ ఆయన వంతెన దాటుతున్నాడట. మంచు రేకులు కోటుమీద రాలాయి. చూస్తే ప్రతి రేకుకూ ఆరు కోణాలే! "అయిదు కాదు, ఏడు కాదు, ఆరే ఎందుకు?" అని ఆయన ఒక చిన్న పుస్తకం రాసి, 1611లో దాన్నే కానుకగా ఇచ్చాడు. ఆ మిత్రుడికి ఇటువంటి వింత ప్రశ్నలంటే సరదా. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల అమరికలో కూడుకుంటాయి గనక రేకులు అట్లా ఏర్పడతాయని ఇప్పుడు మనకు తెలుసు. ఆ కాలంలో అణువుల సంగతి తెలియదు. అయినా కెప్లర్ గుండ్రని వస్తువులను ఎట్లా పేరిస్తే తక్కువ చోటు పడుతుందో కూడా ఆ పుస్తకంలో ఆలోచించాడు. పళ్ళ దుకాణంలో బత్తాయిలు పేర్చే పద్ధతే అన్నిటికంటె మేలని ఆయన ఊహ. అది నిజమేనని 1998లో టామస్ హేల్స్ అనే గణితవేత్త కంప్యూటరు సాయంతో నిరూపించాడు. ఒక బీద కానుకలో ఉన్న ప్రశ్న దాదాపు నాలుగువందల ఏళ్ళు నిలిచిందన్నమాట!

కృతజ్ఞత చెప్పే కానుక

కొన్ని కానుకలు "మీరు చేసిన మేలు మరచిపోలేదు" అని చెప్పడానికి ఇస్తారు.

కెనడా దేశంలో హాలిఫాక్సు అనే రేవు ఉన్నది. 1917 డిసెంబరు 6న అక్కడ రెండు ఓడలు ఢీకొన్నాయి. వాటిలో ఒకదాని నిండా మందుగుండు సామాను. ఓడ అంటుకుని పేలిపోయింది. పదిహేడువందల మందికి పైగా మరణించారు. ఓడ మండుతుంటే కిటికీలలోంచి చూస్తున్న ఎందరో, అద్దాలు పగిలి తగలడంవల్ల కళ్ళు పోగొట్టుకున్నారు. ఈ వార్త విని అమెరికాలోని బోస్టను నగరంవారు, ఆ రాత్రే వైద్యులనూ, నర్సులనూ, మందులనూ రైలులో పంపించారు. మంచు తుఫాను అడ్డం వచ్చినా రైలు వెళ్ళి చేరింది.

మరుసటి ఏడు ఆ ప్రాంతంవారు బోస్టనుకు ఒక క్రిస్మసు చెట్టు పంపారు. 1971 నుంచి ఏటా పెద్ద చెట్టును పంపుతున్నారు. వాళ్ళ నేలమీద విరివిగా పెరిగేది చెట్టే. ఉన్నదానిలోనే మంచిది ఏరి ఇచ్చారు.

మరి, చేసిన మేలు ఎవరికీ తెలియకుండా ఉండాలంటే? దానికి క్రిస్మసు తాత కథే ఉన్నది. నాలుగవ శతాబ్దంలో, ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న మైరా పట్టణంలో, నికొలస్ అనే బిషప్పు ఉండేవాడు. పొరుగున ఒక బీదవాడికి ముగ్గురు కుమార్తెలు. కట్నాలు ఇచ్చుకోలేడు. నికొలస్ రాత్రివేళ ఎవరూ చూడకుండా, ఒక్కొక్క పిల్లకోసం ఒక్కొక్క బంగారు సంచీ వాళ్ళ ఇంట్లో వేసి వెళ్ళాడని కథ. ఆ నికొలస్ పేరే డచ్చివారి నోట మారి, అమెరికా చేరి, చివరకు "సాంటాక్లాసు" అయింది. చీకట్లో ఎందుకు ఇచ్చాడు? పుచ్చుకునే తండ్రి తల వంచుకోకూడదని!

ఇక మీ ఇంటి సంగతి

ఇప్పుడు మీ ఇంట్లోకి చూడండి. వారం రోజులు ఎవరికీ చెప్పకుండా గమనించండి. ఎవరు దేనికోసం వెతుకుతున్నారు? ఎవరికి ఏ పని కష్టంగా ఉన్నది? ఎవరు ఏ మాట పదేపదే అంటున్నారు? ఒక కాగితంమీద రాసుకోండి. సగం కానుకలు ఆ కాగితంమీదనే దొరుకుతాయి.

తాతగారికి చక్కెర జబ్బు ఉంటే మిఠాయి పెట్టె కొనకండి. ఆయన తినలేరు, మీ మనసు నొప్పించలేరు. ఒక గట్టి అట్టమీద ఇంట్లో అందరి ఫోను నంబర్లూ అరచేయంత అంకెలతో రాసి, ఆయన మంచం పక్కన తగిలించండి.

అమ్మ రోజూ తాళాలకోసం ఇల్లంతా గాలిస్తున్నదా? ఒక చెక్క ముక్కకు నాలుగు కొక్కేలు బిగించి, రంగు వేసి ఇవ్వండి. "ఆదివారం గిన్నెలు నేనే తోముతాను" అని చీటీ రాసి ఇచ్చినా మంచిదే. కాని ఒక షరతు: ఆదివారం నిజంగా తోమాలి! మాట తప్పిన కానుకకంటె కానుక లేకపోవడమే నయం.

చలిలో తెల్లవారుజామునే పనికి పోయే నాన్నగారికి చెవులు కప్పే ఉన్ని టోపీ ఇస్తే, రోజూ మీరు గుర్తుకు వస్తారు.

చంటి తమ్ముడికీ, చెల్లాయికీ బొమ్మ కొనేటప్పుడు జాగ్రత్త. నోట్లో పట్టే చిన్న ముక్కలు ఉండకూడదు. గుండీలాంటి చిన్న బ్యాటరీలు ఉన్న బొమ్మలు మరీ ప్రమాదం. మింగితే రెండు గంటలలోపలే అన్నవాహిక కాలిపోవచ్చు. అటువంటి బ్యాటరీ ఉంటే, దాని మూత మరతో బిగించి ఉన్నదో లేదో పెద్దవాళ్ళచేత చూపించండి. కుక్కపిల్లను కూడా ఆశ్చర్యపరచడానికని ఎవరికీ ఇవ్వకండి. దానికి రోజూ తిండి పెట్టేవాళ్ళు ముందే ఒప్పుకుని ఉండాలి.

స్నేహితుడికి మీ పెరటి బంతిపూల విత్తనాలు ఒక పొట్లం ఇవ్వండి. వారం పది రోజుల్లో మొలుస్తాయి, సుమారు రెండు నెలల్లో పూస్తాయి. మాస్టారికి ఉత్తరం రాయండి. "మీరంటే ఇష్టం" అని ఊరుకోకండి. ఆయన చెప్పిన ఏ పాఠం మీకు ఎప్పుడు పనికివచ్చిందో రాయండి. ఫారడే చేసింది కూడా అదేగదా.

ఇంట్లో పనిచేసే ఆమెకూ, బట్టలు ఇస్త్రీ చేసే అతనికీ ఇచ్చేటప్పుడు, పాతవి వదిలించుకోవాలని చూడకండి. అదే వస్తువు మీ చేతికి ఎవరైనా ఇస్తే మీకెట్లా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. మీకు తక్కువతనంగా తోస్తే, వాళ్ళకూ తోస్తుంది.

మరొక్క మాట. మీ తరగతిలో ఈ ఏడు అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లవాడు ఉండవచ్చు. పండుగ రోజున ఆ ఇంట్లో ఒక పీట ఖాళీగా ఉంటుంది. అతనికి ఏ వస్తువూ సరిపోదు. వెళ్ళి కాసేపు పక్కన కూర్చోండి. అతను మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే మీరూ ఊరికే ఉండండి.

మామ్మగారి రిబ్బను

మామ్మగారి పుస్తకం ఏమయిందో చెప్పలేదు గదూ?

ఆ రోజు నేను వెళ్ళి మిగిలిన పిల్లలతో చెప్పాను. మేము మళ్ళీ క్రిస్మసు వచ్చేదాకా ఆగలేదు. ఆ ఆదివారమే పది సూదులు తెచ్చి, పది రంగుల దారాలు ఎక్కించి, ఒక దళసరి గుడ్డకు వరసగా గుచ్చి ఆవిడకు ఇచ్చాం. దారం అయిపోయిన సూదులకు ప్రతి ఆదివారం మళ్ళీ ఎక్కించేవాళ్ళం. రోజూ సాయంత్రం వంతులవారీగా వెళ్ళి, పుస్తకంలో నాలుగేసి పేజీలు చదివి వినిపించేవాళ్ళం. తప్పు చదివితే ఆవిడలోని పంతులమ్మ ఊరుకునేవారు కాదు! మా చదువు కూడా బాగుపడింది.

ఒకరోజు మా నాన్నగారు ఆ సూదుల గుడ్డ చూసి, "ఇదేమిట్రా?" అని అడిగారు. చెప్పాం. ఆయన ఒక్క నిమిషం మాట్లాడలేదు. ఆ వారమే మామ్మగారిని కంటి ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరు చూసి, అవి శుక్లాలని, ఆపరేషను చేస్తే చూపు వస్తుందని చెప్పాడు. అట్లాగే చేశారు. కొన్ని వారాలకు ఆవిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని అరుగుమీద కూర్చుని, మా కథల పుస్తకాన్ని స్వయంగా చదువుకోసాగారు. ఎర్ర రిబ్బను రోజుకు కాస్త ముందుకు జరిగేది.

మళ్ళీ క్రిస్మసు వచ్చింది. మళ్ళీ పళ్ళేలు మోశాం. అన్ని ఇళ్ళకూ పంచి తిరిగివచ్చేసరికి మామ్మగారు పుస్తకం తెరిచి మాకోసం కాచుకుని ఉన్నారు. రిబ్బను చిట్టచివరి పేజీలో ఉన్నది.

"ఈ ఒక్క పేజీ మాత్రం అట్టే పెట్టాను. ఇది మీరు చదవాలి," అన్నారు.

మేము చుట్టూ కూర్చుని చదివాం.